సముద్రపు జంతుప్లవకాలు, మైక్రోప్లాస్టిక్: మామూలు ప్లాస్టిక్, బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"బయోడిగ్రేడబుల్ సంచులు వచ్చేశాయి, ఇక సముద్రానికి టెన్షన్ లేదు" అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. సముద్రపు ఆహారగొలుసులో అడుగున ఉండే జంతుప్లవకాల వైపు నుంచి చూస్తే ఆ మాటలో నిజం ఎంత? విద్యార్థులు, రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్ళు, సంచి కొనేముందు ఒక్క క్షణం ఆలోచించేవాళ్ళు అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. కొన్నింటికి వివరంగా చెప్పాలి, కొన్నింటికి రెండు వాక్యాలు చాలు.

జంతుప్లవకాలు అంటే ఏవి? వాటి గురించి మనకెందుకు?

నీరు ఎటు తీసుకుపోతే అటు పోయే జీవులను ప్లవకాలు అంటారు. ఎండతో ఆహారం తయారు చేసుకునేవి వృక్షప్లవకాలు. వాటినీ, ఒకదాన్నొకటీ తిని బతికేవి జంతుప్లవకాలు. వీటిలో సంఖ్యలో ఎక్కువగా ఉండేవి కోపిపాడ్లు. ఇవి రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టాలు. చాలావరకు 2 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. క్రిల్, బుల్లి జెల్లీలు, బాణపు పురుగులు కూడా ఈ గుంపులోవే.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. పెద్దయ్యాక ప్లవకాలు కాని జీవులు కూడా ఎన్నో పిల్ల దశలో ప్లవకాలే. రొయ్య, పీత, ఆలిచిప్ప, చాలా రకాల చేపలు గుడ్డు నుంచి బయటపడ్డాక కొన్నాళ్ళపాటు నీళ్ళలో కొట్టుకుపోతూనే పెరుగుతాయి. బంగాళాఖాతంలో పుట్టే ప్రతి రొయ్యా కొంతకాలం జంతుప్లవకమే. కవళ్ళు, నెత్తళ్ళు, కానాగడతలు బతికేది ప్లవకాల మీదే. కాబట్టి కోపిపాడ్ గుడ్లు తగ్గితే ఆ నష్టం వల దాకా వస్తుంది.

మైక్రోప్లాస్టిక్ అంటే ఎంత చిన్నది?

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలన్నిటినీ మైక్రోప్లాస్టిక్ అంటున్నాం. ఈ పేరు బాగా వాడుకలోకి వచ్చింది 2004లో, బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన పరిశోధన పత్రంతో. వాళ్ళు వెతికిన చోటు చూడండి. 1931 నుంచి ఓడల వెనక ఒక పరికరాన్ని కట్టి లాగుతూ, అందులోని పట్టుగుడ్డ మీద ప్లవకాలను పడుతున్నారు. ఆ పాత నమూనాలను మళ్ళీ తెరిచి చూస్తే 1960ల నాటి గుడ్డల్లోనే ప్లాస్టిక్ పోగులు కనిపించాయి. తర్వాతి దశాబ్దాలకు వచ్చేసరికి అవి ఇంకా పెరిగాయి. ప్లవకాల కోసం వేసిన గుడ్డలోనే ప్లాస్టిక్ దొరికిందంటే, ఆ రెండూ ఒకే నీటిలో, పక్కపక్కనే ఉంటున్నాయని అర్థం.

కోపిపాడ్ నోటికి మాత్రం 5 మిల్లీమీటర్ల ముక్క చాలా పెద్దది. దానికి ముప్పు తెచ్చేవి కొన్ని మైక్రాన్ల నుంచి వంద, రెండు వందల మైక్రాన్ల దాకా ఉండే ముక్కలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అది తినే నాచుకణాల సైజు కూడా అంతే, చిక్కంతా అక్కడే ఉంది. ఒక మైక్రాన్ కంటే చిన్నవాటిని నానోప్లాస్టిక్ అంటున్నారు.

అంత చిన్న జీవి ప్లాస్టిక్‌ను నిజంగా తింటుందా?

తింటుంది. 2013లో మాథ్యూ కోల్, ఆయన సహచరులు బ్రిటన్ తీరంలోని 15 రకాల జంతుప్లవకాలకు పాలీస్టైరీన్ (థర్మాకోల్ చేసే ప్లాస్టిక్) పూసలు అందుబాటులో ఉంచి చూశారు. పూసల సైజు 1.7 నుంచి 30.6 మైక్రాన్లు. 13 రకాలు వాటిని మింగాయి. మింగినవే కాదు, కోపిపాడ్ల కాళ్ళకు, స్పర్శశృంగాలకు (తల మీది మీసాలకు), తోక చివరి రోమాలకు కూడా పూసలు అంటుకున్నాయి. ఈదడానికి, తిండి పట్టడానికి, శత్రువు కదలికను పసిగట్టడానికి అది వాడేది ఆ అవయవాలనే.

ల్యాబ్ బయట కూడా ఇదే కనిపించింది. ఈశాన్య పసిఫిక్‌లో పట్టిన ప్లవకాలను 2015లో పరీక్షిస్తే, నియోకలానస్ క్రిస్టేటస్ అనే కోపిపాడ్లలో సగటున 34కి ఒకదానిలో, యూఫాసియా పసిఫికా అనే క్రిల్‌లో 17కి ఒకదానిలో ప్లాస్టిక్ దొరికింది.

అలాగని కళ్ళు మూసుకుని ప్రతిదాన్నీ మింగేస్తాయనుకోవడం సరికాదు. చాలా కోపిపాడ్లు ముక్కను నోటి దగ్గరకు తెచ్చుకుని, రుచి చూసి వదిలేయగలవు. కొత్త ప్లాస్టిక్‌ను వదిలేసినంత తేలిగ్గా పాతదాన్ని వదలవు, అదీ ఇబ్బంది. కొన్ని వారాలు సముద్రంలో నానిన ముక్క మీద బ్యాక్టీరియా, నాచు కలిసి జిగట పొర కడతాయి. అలా పాతబడిన ముక్కలను కొన్ని కోపిపాడ్ జాతులు ఎక్కువగా తిన్నాయని 2017లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. నాచు నుంచి వచ్చే డైమిథైల్ సల్ఫైడ్ వాసన పట్టించిన ప్లాస్టిక్‌ను కలానస్ హెల్గోలాండికస్ అనే కోపిపాడ్ మామూలు ప్లాస్టిక్ కంటే ఎక్కువగా తిన్నట్టు 2019లో తేలింది. కొత్త పూసలతో చేసిన ప్రయోగం చూసి "తినడం లేదుగా" అని నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణం ఇదే.

తిన్న వెంటనే చచ్చిపోతాయా?

చాలావరకు చావవు. ఈ ఒక్క కారణంతోనే సమస్యను చిన్నచూపు చూస్తారు. టైగ్రియోపస్ జపానికస్ అనే కోపిపాడ్ మీద 2013లో వచ్చిన పరిశోధన చదివితే విషయం తెలుస్తుంది. 0.05, 0.5, 6 మైక్రాన్ల పాలీస్టైరీన్ పూసలను వాడారు. 96 గంటల పరీక్షలో ఏ సైజు పూసలూ వాటిని చంపలేదు. అక్కడితో ఆపేసి ఉంటే "విషం కాదు" అని రాసేవాళ్ళు. వాళ్ళు ఆపకుండా రెండు తరాలు పెంచి చూశారు. అతి చిన్న పూసల వల్ల మొదటి తరం పిల్లలు చనిపోయాయి. రెండో తరంలో అంతకు పదోవంతు మోతాదుకే చావులు మొదలయ్యాయి. 6 మైక్రాన్ల పూసలు రెండు తరాల్లోనూ ఎవరినీ చంపలేదు, కానీ పిల్లల సంఖ్యను తగ్గించాయి.

కలానస్ హెల్గోలాండికస్ మీద 2015లో చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంది. మిల్లీలీటరు నీటికి 75 చొప్పున 20 మైక్రాన్ల పూసలు కలిపారు. కోపిపాడ్లు నాచుకణాలను 11 శాతమే తక్కువ తిన్నాయి. ఒంటికి అందిన కార్బన్ మాత్రం 40 శాతం పడిపోయింది. పూసల సైజులో ఉండే పెద్ద కణాలను మానేసి చిన్న కణాల వైపు మళ్ళడమే దీనికి కారణం. కడుపు నింపుకుంటున్నట్టే ఉంటుంది, బలం మాత్రం రాదు. ఇదే పరిస్థితి కొనసాగినప్పుడు గుడ్ల సంఖ్య పెద్దగా మారలేదు కానీ గుడ్లు చిన్నవయ్యాయి, పొదగడం తగ్గింది. చలి సముద్రాల కోపిపాడ్లు ఒంట్లో కొవ్వు దాచుకుని గడ్డుకాలం గట్టెక్కుతాయి. తిండిలో ఇంత కోత పడితే ఆ నిల్వకే గండి.

జీవి ఒంటి కణాల లోపల జరిగేది వేరే. రోటిఫర్లు అనే అతి చిన్న జంతుప్లవకాల మీద, అంటే వాటిలో బ్రాకియోనస్ జాతి మీద 2016లో చేసిన పనిలో పూసలు తిన్న జీవుల పెరుగుదల తగ్గింది, ఆయుష్షు తగ్గింది, పిల్లలు తగ్గాయి. పూస ఎంత చిన్నదైతే హాని అంత ఎక్కువైంది. అతి చిన్న పూసలు ఒంట్లోంచి సరిగా బయటకు పోలేదు. ఆక్సీకరణ ఒత్తిడి, అంటే కణాల్లో చురుకైన ఆక్సిజన్ అణువులు మితిమీరడం, దాన్ని తట్టుకునే ఎంజైములు పెరగడం కూడా కనిపించాయి. ఆ ఎంజైములను తయారు చేయడానికీ శక్తి కావాలి, ఆ శక్తి గుడ్లకు పోవలసినదే.

హాని చేసేది ముక్కా, అందులోని రసాయనాలా?

రెండూ. ఎంతెంత అన్నది ప్లాస్టిక్‌ను బట్టి మారుతుంది. మెత్తగా ఉండడానికి కలిపే థాలేట్లు, రంగులు, ఎండకు తట్టుకునేందుకు వేసే మందులు ప్లాస్టిక్‌కు గట్టిగా అతుక్కుని ఉండవు, మెల్లగా నీటిలోకి దిగుతాయి. నీటిలో ముందే ఉన్న పురుగుమందుల అవశేషాల్లాంటి కొవ్వుతో కలిసే రసాయనాలు ముక్క మీద చేరడమూ ఉంది. కాకపోతే ఆ దారిన ప్లవకానికి చేరేది, తిండి ద్వారా, నీటి ద్వారా చేరేదాని కంటే చాలాసార్లు తక్కువే.

ముక్కను, రసాయనాన్ని విడదీసి చూసిన మంచి ప్రయోగం ఒకటి 2020లో వచ్చింది. అది మంచినీటి ప్లవకమైన డాఫ్నియా మాగ్నా మీద చేసినది, సముద్రపు జీవి మీద కాదు. అయినా ఇక్కడ చెప్పాల్సిందే. పీవీసీ విషయంలో హాని కలిపిన రసాయనాల నుంచి వచ్చింది. పాలీయూరిథేన్, పీఎల్‌ఏ విషయంలో హాని చేసింది ముక్కే. పీఎల్‌ఏ అంటే మొక్కజొన్న, చెరకు లాంటివాటి నుంచి తీసే 'పచ్చని' ప్లాస్టిక్.

బయోప్లాస్టిక్, బయోడిగ్రేడబుల్, కంపోస్టబుల్: అన్నీ ఒకటేనా?

కాదు. అంగట్లో ఈ మూడింటినీ కలిపేస్తున్నారు, అందుకే కొంచెం ఓపికగా చూడాలి.

బయోప్లాస్టిక్ అన్నప్పుడు చాలాసార్లు ముడిసరుకు గురించి మాట్లాడుతున్నారు. చెరకు నుంచి పాలిథీన్ తయారు చేయవచ్చు, బ్రెజిల్‌లో చేస్తున్నారు కూడా. అది పెట్రోలియం నుంచి వచ్చిన పాలిథీన్ లాగే ఏళ్ళ తరబడి ఉంటుంది. పీబీఏటీ అనే ప్లాస్టిక్‌ది దీనికి తలకిందులు: ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దాన్ని తినగలవు.

బయోడిగ్రేడబుల్ అంటే సూక్ష్మజీవులు దాన్ని కార్బన్ డయాక్సైడ్, నీరు, తమ ఒళ్ళుగా మార్చగలవని. ఎక్కడ, ఎన్నాళ్ళలో అన్నది ఆ మాటలో లేదు. కంపోస్టబుల్ అంటే కంపోస్టు పరిస్థితిలో, నిర్ణీత గడువులో అలా మారుతుందని. మన దేశంలో దీనికి ఐఎస్/ఐఎస్ఓ 17088 అనే ప్రమాణం ఉంది. పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది. 180 రోజుల్లోగా 90 శాతం కార్బన్ గాలిలో కలవాలి. విడిపోవడానికి ఇంకో పరీక్ష ఉంది: 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టినప్పుడు పైన పదోవంతు కంటే ఎక్కువ మిగలకూడదు. ఈ చివరి అంకెను కోపిపాడ్ వైపు నుంచి చూడండి. జల్లెడ కిందకు దిగిన పొడి సైజే దానికి తిండి సైజు. కంపోస్టు కుప్పకు ఈ ప్రమాణం సరిపోతుంది. సముద్రం గురించి అది ఏమీ చెప్పదు, చెప్తానని అనడమూ లేదు.

సముద్రంలో పడితే అవి కరిగిపోవా?

గోరువెచ్చని పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది, అదే పాలను ఫ్రిజ్‌లో పెడితే తోడుకోవు. కంపోస్టు గుంటకు, సముద్రానికి తేడా అలాంటిదే. పీఎల్‌ఏ బాగా విడిపోవాలంటే 55, 60 డిగ్రీల వేడి ఉండాలి. బంగాళాఖాతం పైనీరు మహా అయితే 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. లోపలికి వెళ్ళేకొద్దీ చల్లబడుతుంది. సూక్ష్మజీవులు కూడా కంపోస్టులో ఉన్నంత దట్టంగా ఉండవు. కాబట్టి పీఎల్‌ఏ సముద్రంలో చాలాకాలం అలాగే ఉంటుంది.

అన్ని రకాలూ ఇలాగే ఉంటాయని కాదు. బ్యాక్టీరియా తమ ఒంట్లో తామే నిల్వ చేసుకునే పీహెచ్‌ఏ రకాలను సముద్రంలోని సూక్ష్మజీవులు నిజంగానే తింటాయి. అలాంటి పదార్థంతో చేసిన నీళ్ళసీసా సముద్రంలో పూర్తిగా పోవడానికి ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ళు పట్టవచ్చని 2019లో ఒక అంచనా వచ్చింది. ప్లాస్టిక్‌గా చూస్తే ఇది చాలా మెరుగు. కానీ వెచ్చని సముద్రాల్లో ఎన్నో కోపిపాడ్లకు గుడ్డు నుంచి గుడ్డు పెట్టే వయసు దాకా రెండు మూడు వారాలే. ఆ సీసా పోయేలోపు వాటి తరాలు పాతిక నుంచి తొంభై దాకా మారిపోతాయి. మన లెక్కలో 'త్వరగా' అన్నది వాటి లెక్కలో కాదు. ఈ పేజీలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని పెట్టుకోండి.

సంచుల మీద నేరుగా చేసిన పరీక్ష ఒకటుంది. ప్లిమత్‌లో ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ ఐదు రకాల సంచులను గాలిలో, మట్టిలో, సముద్రంలో మూడేళ్ళు ఉంచి 2019లో ఫలితాలు చెప్పారు. 'బయోడిగ్రేడబుల్' అని రాసి ఉన్న సంచి మట్టిలోనూ, సముద్రంలోనూ మూడేళ్ళున్నాక కూడా సరుకులు మోసింది. కంపోస్టబుల్ సంచి మాత్రం సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది. అదే సంచి మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది. కంటికి కనిపించకపోవడం, పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారడం ఒకటి కాదు, మధ్యలో చిన్న ముక్కల దశ ఉంటుంది. ప్లవకానికి ముఖ్యమైన దశ అదే.

సూటిగా చెప్పండి: బయోడిగ్రేడబుల్ ముక్కలు ప్లవకాలకు తక్కువ హానా, ఎక్కువ హానా?

ముక్క ముక్కగా ఉన్నంతకాలం, తక్కువ హాని అని చెప్పడానికి ఆధారం లేదు. పరిశోధనల్లో కొన్నిచోట్ల తక్కువ, కొన్నిచోట్ల సమానం, కొన్నిచోట్ల ఎక్కువ అని వచ్చింది. పాలిమర్ (ప్లాస్టిక్ రకం), సైజు, ఆకారం, మోతాదు, జీవి మారితే ఫలితం మారుతోంది. పైన చెప్పిన 2020 డాఫ్నియా ప్రయోగంలో పీఎల్‌ఏ మామూలు ప్లాస్టిక్‌తో సమానంగా హాని చేయగలదని తేలింది.

ఎందుకిలా? మొదటిది, కడుపులో చోటు ఆక్రమించడానికి ముక్క ఏ పదార్థమైనా ఒకటే. కోపిపాడ్ కడుపులో ఆహారం ఉండేది గంటల లెక్కన. ఆ గంటల్లో పీఎల్‌ఏ జీర్ణం కాదు. తిండి దొరికే చోట ముక్క మలంతో త్వరగానే బయటకు వస్తుంది. తిండి లేని చోట ఎక్కువసేపు లోపలే ఉండిపోతుంది.

రెండోది, త్వరగా విడిపోయే గుణం కొన్నాళ్ళు ముప్పును పెంచుతుంది. పీబీఏటీని, మామూలు పాలిథీన్‌ను మంచినీటిలో, సముద్రపు నీటిలో పోల్చి చూసిన 2021 నాటి ఒక పరిశోధనలో పీబీఏటీ నుంచే ఎక్కువ మైక్రోప్లాస్టిక్ ముక్కలు వచ్చాయి. పీహెచ్‌బీ (పీహెచ్‌ఏల్లో ఒక రకం) ముక్కల నుంచి నానోప్లాస్టిక్ విడుదలై నాచును, డాఫ్నియాను బాగా దెబ్బతీసినట్టు 2019లో చూపించారు. అదీ మంచినీటి పరిశోధనే. సముద్రపు జంతుప్లవకాల మీద ఇలాంటి పని ఇంకా చాలా జరగాలి.

మూడోది, బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్‌లోనూ రంగులు, మెత్తబరిచేవి, గట్టిపరిచేవి ఉంటాయి. మొక్క నుంచి వచ్చింది కాబట్టి అందులో రసాయనాలు లేవనుకోవడం తప్పు. అది విడిపోయేటప్పుడు ఆ రసాయనాలు, పాలిమర్ తెగిన చిన్న గొలుసులు కూడా నీటిలోకి వస్తాయి.

ఇక దాని పక్షాన చెప్పవలసిన మాట. పాలిథీన్ ముక్క వందేళ్ళ తర్వాత కూడా చిన్న చిన్న ముక్కలుగా మిగులుతుంది. సముద్రంలో నిజంగా విడిపోయే పదార్థం ఏదో ఒక రోజు పోతుంది. పేరుకుపోవడం ఆగుతుంది. అది చిన్న లాభం కాదు. హాని ఎంత తీవ్రం అన్నది ఒక ప్రశ్న, ఎంతకాలం ఉంటుంది అన్నది ఇంకో ప్రశ్న. బయోడిగ్రేడబుల్ పదార్థాల్లో మంచివి రెండోదానికి మాత్రమే జవాబు. అమ్మేవాళ్ళు రెండింటికీ జవాబన్నట్టు చెప్పడమే నాకు బాధ కలిగించే విషయం.

'ఆక్సో బయోడిగ్రేడబుల్' అని రాసి ఉంటే?

అది మామూలు పాలిథీనే. త్వరగా పెళుసుబారి ముక్కలవడానికి లోహ లవణాలు కలుపుతారు. యూరోపియన్ యూనియన్ 2021 జూలై నుంచి వీటిని నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదే.

బయోడిగ్రేడబుల్ ముక్కలు నీటిలో మునిగిపోతాయట కదా, అయితే ప్లవకాలకు దొరకవు కదా?

సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. పాలిథీన్, పాలీప్రొపిలీన్ అంతకంటే తేలిక, కొత్తగా ఉన్నప్పుడు పైన తేలుతాయి. పీఎల్‌ఏ, పీబీఏటీ, పీహెచ్‌బీ 1.25 దగ్గర ఉంటాయి, మునుగుతాయి. పెద్ద ముక్కల వరకు మీరన్నది నిజమే, అవి అడుగున ఉండే జీవుల సమస్య అవుతాయి. పది ఇరవై మైక్రాన్ల ముక్క మాత్రం చాలా నెమ్మదిగా దిగుతుంది. అలలు, ప్రవాహాలు దాన్ని మళ్ళీ పైకి లేపుతుంటాయి. లోతు తక్కువ ఉన్న తీరంలో, నదీముఖాల్లో అడుగు బురద తరచూ కదులుతూనే ఉంటుంది. పైగా కోపిపాడ్లు చాలావరకు పగలు లోతుకు దిగి రాత్రి పైకి వస్తాయి. ముక్క ఏ లోతులో ఉన్నా ఎదురుపడే అవకాశం ఉంటుంది.

ల్యాబ్‌లో వాడే మోతాదులు సముద్రంలో ఉండవు కదా? ఇదంతా అనవసర భయం కాదా?

ఈ అభ్యంతరం న్యాయమైనది. 2016లో చేసిన ఒక లెక్క ప్రకారం, ప్రయోగాల్లో వాడుతున్న మోతాదులు సముద్రంలో ఉన్నట్టు అంచనా వేసినవాటి కంటే వంద రెట్ల నుంచి కోటి రెట్ల దాకా ఎక్కువ. ఇది తెలియకుండా ఫలితాలు చదివితే భయం ఎక్కువవుతుంది.

దీనికి ఇంకో పక్క ఉంది. సముద్రంలో ముక్కలు లెక్కపెట్టడానికి వాడే వలల కన్ను సాధారణంగా 300 మైక్రాన్లకు పైనే. కోపిపాడ్ తినే సైజు ముక్కలు ఆ వలలోంచి జారిపోతాయి. కాబట్టి సముద్రంలో ఉన్నట్టు చెప్పే అంకె నిజమైన దానికంటే తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

ప్రయోగాల్లో ఇంకో రెండు లోపాలున్నాయి. గుండ్రటి, నున్నటి పాలీస్టైరీన్ పూసలతో చేసినవి ఎక్కువ. సముద్రంలో ఉండేవి పోగులు, వంకర ముక్కలు. అమ్మకానికి వచ్చే పూసల ద్రావణంలో చెడిపోకుండా సోడియం అజైడ్ లాంటి విషపదార్థం కలిపి ఉండవచ్చు. దాన్ని కడగకుండా వాడితే ఆ విషం చేసిన పనిని ప్లాస్టిక్ మీద వేసినట్టవుతుంది. మంచి ప్రయోగంలో ప్లాస్టిక్‌తో పాటు మట్టి, సిలికా లాంటి సహజ కణాలను కూడా అదే మోతాదులో ఇచ్చి పోల్చి చూస్తారు. ఆ పోలిక లేని పేపరును జాగ్రత్తగా చదవండి.

ప్లవకాల మలం గురించి కూడా మాట్లాడుతున్నారు. ఎందుకు?

కోపిపాడ్ మలం చిన్న గుళికలుగా సముద్రం అడుగుకు దిగుతుంది. నాచు గాలి నుంచి తీసుకున్న కార్బన్ లోతుకు చేరే దారుల్లో ఇదొకటి. 2016లో కోల్ బృందం పాలీస్టైరీన్ చేరిన గుళికలను పరీక్షిస్తే అవి 2.25 రెట్లు నెమ్మదిగా దిగాయి. నెమ్మదిగా దిగేది మధ్యలోనే తినబడుతుంది, కార్బన్ పైనే ఉండిపోతుంది. బరువైన ప్లాస్టిక్‌తో జరిగేది వేరు: పెట్ (నీళ్ళసీసాలు చేసే ప్లాస్టిక్) ముక్కలున్న గుళికలు త్వరగా దిగుతాయి. ఆ లెక్కన బరువైన పీఎల్‌ఏ కూడా గుళికలను త్వరగా దింపాలి. అప్పుడు ప్లాస్టిక్ పైన ఉన్న ప్లవకాలను వదిలి లోతులో ఉండే జీవుల తిండిలోకి చేరుతుంది.

అంటార్కిటికా క్రిల్ అయితే ముక్కను మరింత పొడి చేసి వదులుతోంది. 31.5 మైక్రాన్ల పాలిథీన్ పూసలను తిని, ఒక మైక్రాన్ కంటే చిన్న ముక్కలుగా విసర్జించినట్టు 2018లో చూశారు.

ప్లవకాల నుంచి చేపకు, చేప నుంచి మనకు వస్తుందా? రొయ్యపొట్టు తినొచ్చా?

ప్లవకం నుంచి దాన్ని తిన్న జీవికి పోతుంది. బాల్టిక్ సముద్రపు జీవులతో 2014లో చేసిన ప్రయోగంలో, పూసలు తిన్న జంతుప్లవకాలను మైసిడ్ రొయ్యలకు వేస్తే ఆ పూసలు రొయ్యల కడుపులో కనిపించాయి. చేపలో ఎక్కువగా ఉండేది పేగులోనే. చేప పొట్ట తీసి శుభ్రం చేస్తాం కాబట్టి చాలావరకు పోతుంది.

రొయ్యపొట్టు, ఎండు నెత్తళ్ళ విషయం వేరు. వాటిని పొట్ట తీయకుండా మొత్తంగా ఎండబెడతాం. కడుపులో ఏదైనా ఉంటే అదీ వస్తుంది. ఇసుకలో, నేల మీద ఆరబెట్టినప్పుడు బయట నుంచి అంటుకునేది దీనికి అదనం. దీనికి భయపడి మానేయమని నేను చెప్పను, అది పేదింటికి మంచి మాంసకృత్తులు, కాల్షియం ఇచ్చే తిండి. ఎత్తైన మంచెల మీద ఆరబెట్టినది కొనడం, వండేముందు రెండు మూడుసార్లు బాగా కడగడం మన చేతిలో ఉన్నాయి.

మాది రొయ్యల హేచరీ. ఆర్టీమియా వాడతాం. మేం పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. భీమిలి వైపు నుంచి నెల్లూరు దాకా మన తీరం పొడవునా హేచరీలున్నాయి, వాటికి నీరు సముద్రం నుంచే వస్తుంది. జోయియా అనే తొలి దశల్లో ఒకదానిలో రొయ్యపిల్ల తినేది కీటోసెరాస్ లాంటి నాచుకణాలను, అంటే సరిగ్గా మైక్రోప్లాస్టిక్ సైజు కణాలను. ఇసుక ఫిల్టరు తర్వాత కార్ట్రిడ్జ్ ఫిల్టరును సమయానికి మారిస్తే పెద్ద ముక్కలు, పోగులు చాలావరకు ఆగుతాయి. ఫిల్టరు దాటాక వాడే తాళ్ళు, పెళుసుబారిన పైపులు, ఎండకు పాడైన డ్రమ్ములు కూడా పొడి రాలుస్తాయి. వాటిని చూసి మార్చాలి.

ఆర్టీమియా అంటే రొయ్యపిల్లలకు మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి, దొరికిన రేణువునల్లా ఏరుకోకుండా మింగుతుంది. కాకపోతే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన మొదటి దశ పిల్లకు నోరు తెరుచుకోదు, సొంత పచ్చసొనతోనే బతుకుతుంది. కొన్ని గంటల తర్వాత, రెండో దశలోనే తినడం మొదలుపెడుతుంది. కాబట్టి పొదిగిన వెంటనే వేసే నాప్లిలో (ఆర్టీమియా పిల్లల్లో) ప్లాస్టిక్ భయం తక్కువ. ఎన్‌రిచ్‌మెంట్ (ఆ పిల్లలకు పోషకాలు పట్టించడం) కోసం ఎక్కువసేపు ఉంచేటప్పుడు మాత్రం ఆ ట్యాంకు నీరు శుభ్రంగా ఉండాలి.

ఈ మధ్య కేరళ తీరానికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ గింజలు ప్లవకాలకు ముప్పేనా?

2025 మే నెలలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగాక తిరువనంతపురం తీరాలకు గింజలు కొట్టుకొచ్చాయి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ కాలిపోయినప్పుడు కూడా వెయ్యి టన్నులకు పైగా గింజలు సముద్రంలో కలిశాయి. గింజలు కొన్ని మిల్లీమీటర్లు ఉంటాయి, కోపిపాడ్ వాటిని మింగలేదు. ఎండకు, అలకు అరిగి పొడి అయ్యాక ముప్పు మొదలవుతుంది. అందుకే ఏరివేత మొదటి నెలల్లోనే జరగాలి.

అయితే కంపోస్టబుల్ సంచులు వాడొద్దంటారా?

అలా అనను. ఎక్కడ వాడతామన్నదే అసలు సంగతి. 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర డీఆర్‌డీవో అభివృద్ధి చేసిన, మొక్కజొన్న పిండి నుంచి చేసిన సంచులు మొదలుపెట్టారు. 90 రోజుల్లో మట్టిలో కలుస్తాయని చెప్పారు. కొండ మీద లాంటి చోట, చెత్తను ఒకచోటికి చేర్చే ఏర్పాటు ఉన్న చోట ఇలాంటి సంచికి అర్థం ఉంది. తడిచెత్తతో పాటు కంపోస్టుకు వెళ్ళే సంచి తన పని తాను చేస్తుంది. అదే సంచి బీచ్ దగ్గర బజ్జీల బండి నుంచి ఎగిరి నీళ్ళలో పడితే, కాలువలో కొట్టుకుని గోదావరి పాయ చేరితే, పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

మన దేశంలో 2022 జూలై 1 నుంచి కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం ఉంది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగు 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కంపోస్టబుల్ సంచులకు ఈ మందం నియమం లేదు, బదులుగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. 2024 సవరణలో బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ అంటే మైక్రోప్లాస్టిక్ మిగలకుండా విడిపోయేదని నిర్వచించారు. ఇది నిజంగా ముందడుగు. సంచి కొనేటప్పుడు 'ఎకో', 'గ్రీన్' అన్న మాటలు వదిలేసి, తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు, 'కంపోస్టబుల్' అన్న మాట ఉన్నాయో లేదో చూడండి. ఇంట్లో గుడ్డసంచి ఉంటే ఇదంతా చూసే పనే ఉండదు.

మా కాలేజీలో మైక్రోస్కోప్ ఉంది. ప్లవకాల్లో ప్లాస్టిక్ ఉందో లేదో మేం చూడగలమా?

కొంతవరకు చూడగలరు. 200 మైక్రాన్ల ప్లవకాల వలతో నమూనా పట్టి, కోపిపాడ్లను వేరు చేసి, వడకట్టిన శుభ్రమైన నీటితో పైన అంటుకున్నవి పోయేలా కడగండి. తర్వాత పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వెచ్చగా ఉంచితే మెత్తటి కణజాలం కరిగిపోతుంది, ప్లాస్టిక్ చాలావరకు మిగులుతుంది. కోపిపాడ్ పైపెంకు కైటిన్ కావడంతో పూర్తిగా కరగదు, దాన్ని ప్లాస్టిక్ అనుకోకండి. ఈ పద్ధతికి ఇంకో పరిమితి ఉంది. పీఎల్‌ఏ లాంటి పాలిఎస్టర్లు క్షారానికి తెగిపోతాయి, కాబట్టి మీరు వెతికే బయోడిగ్రేడబుల్ ముక్కలే కరిగి లెక్కలోంచి జారిపోవచ్చు. వాటి కోసమైతే ఎంజైములతో కరిగించే పద్ధతి మేలు.

ల్యాబులో సింథటిక్ బట్టలు వేసుకోకండి, నూలు కోటు వేసుకోండి. ఫ్యాన్ ఆపేయండి. నమూనా లేకుండా ఉత్త నీటితో అదే పని మొత్తం ఒకసారి చేసి, అందులో ఎన్ని పోగులు వచ్చాయో లెక్కపెట్టండి. నమూనాలో దొరికిన సంఖ్యలోంచి దాన్ని తీసేశాకే మీ అంకె రాయండి. మైక్రోస్కోపులో కనిపించిన పోగు ఏ పాలిమరో తేల్చాలంటే ఎఫ్‌టీఐఆర్ లేదా రామన్ పరికరం (కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టేవి) కావాలి. దగ్గర్లోని విశ్వవిద్యాలయాన్ని అడిగి, కనీసం కొన్ని పోగులనైనా అక్కడ పరీక్ష చేయించండి.